బిగుసుకున్న పొట్టి గేరు

జీపు పొట్టి గేరు ఎందుకు బిగుసుకుపోతోందో వన్నూరప్పకు ఎంతకీ అంతుపట్టలేదు. విప్పాడు, కిరసనాయిలుతో కడిగాడు, గ్రీజు పెట్టాడు, బిగించాడు. షెడ్డులో చూస్తే వెన్నలో వేలు దిగినట్టు కదిలేది. తారు రోడ్డెక్కి కొంతదూరం పోయాక చూస్తే మళ్లీ మొండికేసేది. మళ్లీ విప్పాడు.

అతనికి దిగులు గేరు గురించి ఒక్కటే కాదు. ఆ గేరు పుణ్యమా అని ఎర్రిస్వామి కొండ దిగి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడు అనడం కంటే వన్నూరప్పే వెళ్లగొట్టాడు అనడం సబబు. కానీ అంత మాట అతని ముందు అనే ధైర్యం కొండ మీద వంట చేసే మారెక్క ఒక్కదానికే ఉంది, ఆమె దాన్ని పూటకోసారి అంటూనే ఉంది.

గవికొండ అంటే పెద్ద కొండేమీ కాదు. పైన చిన్న గవి, అంటే గుహ, దాని ముందు వంటిల్లు, వంటింటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో జీపు. వచ్చినవాళ్లు గవికి దండం పెట్టుకుని పోయేవాళ్లు. గురుశిష్యులు మాత్రం ఎక్కువసేపు షెడ్డులోనే దొరికేవాళ్లు.

గురువును అందరూ కుళ్లాయి తాత అనేవాళ్లు. ఆయన సాయిబో సన్నాసో ఎవరికీ తెలియదు. తెగించి అడిగినవాళ్లకు "అన్నం తిన్నావా?" అన్న ఎదురు ప్రశ్న వచ్చేది. మంత్రం కావాలని వచ్చినవాళ్ల చేతికి పానా ఇచ్చి జీపు కిందికి దూరమనేవాడు. సగంమంది ఆ పూటకే కొండ దిగేవాళ్లు. దిగనివాళ్లు ఇద్దరు, వన్నూరప్ప, ఎర్రిస్వామి.

ఆ జీపు వయసు తాత వయసులో సగం ఉంటుంది, రోగాలు మాత్రం రెట్టింపు. ఎవరో కంట్రాక్టరు కొనేవాళ్లు దొరక్క పుణ్యానికి ఇచ్చిపోయాడు. అయినా చుట్టుపక్కల పల్లెలకు అదే దిక్కు. ఆ నేలంతా నల్లరేగడి. వాన పడిందంటే బంక కట్టి, కాలు పెడితే చెప్పు రాదు, చక్రం పెడితే బండి రాదు. కాన్పు నొప్పులొచ్చినా, తేలు కుట్టినా, ముసలాయన ఊపిరాడక గస పెట్టినా గవికొండకు కబురొచ్చేది. జీపులో పెద్ద గేరు పక్కనే ఇంకో పొట్టి గేరు ఉంది. దాన్ని ముందుకు తోస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. నాలుగూ కలిసి లాగితే తప్ప ఆ బంకలో నుంచి ఏ బండీ బయటపడదు. వెనక్కి తీస్తే మళ్లీ మామూలు బండి. అది కాస్తా విరిగితే వానాకాలమంతా పల్లెలు దేవుడి మీద భారమేసుకోవాల్సిందే.

పట్నంలో మెకానిక్కులు లేక కాదు. తాత ఒప్పుకోడు. "మన ఒళ్లు మనమే తోముకోవాల, ఇంగొకరు తోమితే మనకు పట్టిన మన్ను ఎంతో మనకు తెలీదు," అనేవాడు. అందుకే బ్రేకు నూనె మార్చడం నుంచి రేడియేటరు అతుకు దాకా అన్నీ కొండ మీదే. విప్పినవాడే బిగించాలి. బిగించాక మిగిలిన బోల్టులు ఒక పాల డబ్బాలో వేయాలి. ఆ డబ్బా సగం నిండి ఉంది. ఆ సంగతి జీపు ఎక్కేవాళ్లకు చెప్పేవాళ్లు కాదు.

వన్నూరప్ప కొండకు రాకముందు బట్టల అంగట్లో గుమస్తా. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా తెలియకుండా వచ్చాడు. అలాంటివాడు పడుకుని, పాకి, చేతులు కోసుకుని, ఆ జీపును ముక్కముక్కా నేర్చుకున్నాడు. శబ్దం విని జబ్బు చెప్పగలిగేవాడు. ఇంతవరకూ బాగానే ఉంది. నేర్చుకున్న చోటే గర్వం కూడా గూడు కట్టుకుంటుంది, దానికి వేరే స్థలం దొరకదు. జీపులో ఏది చెడినా అది తన చేతిలో చెడిందంటే ఒప్పుకునేవాడు కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఎర్రిస్వామిది వేరే తీరు. అతను వాళ్ల ఊళ్లో ఉన్నప్పుడు ఒకే ఏడు బోరు ఎండిపోయింది, కాడి ఎద్దు చచ్చింది, శెనక్కాయ పంట పోయింది. అన్నింటిలోనూ చెయ్యి పెట్టినవాడు ఎర్రిస్వామే. ఇంటికి చిన్నవాడు, పనులన్నీ అతనే చేస్తే అన్నింటిలోనూ అతని చెయ్యి ఉండక ఏమవుతుంది? కానీ "వాడిది పాడు చెయ్యి" అని వదిన అంది, అన్న ఊరుకున్నాడు, ఆ తర్వాత విత్తనాల బుట్ట అతన్ని ముట్టనివ్వలేదు. రైతుబిడ్డకు అంతకంటే అవమానం ఏముంటుంది? ఒక పొద్దున కొండెక్కి తాత ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

తాత ఏమీ అడగలేదు. షెడ్డు దగ్గరికి తీసుకుపోయి, జీపు ముందు దూర్చి తిప్పే ఇనప హ్యాండిలు అతని చేతికిచ్చి, "తిప్పు," అన్నాడు. బండి అందుకుంది. అప్పటి నుంచి పొద్దున్నే జీపును లేపే పని ఎర్రిస్వామిది. దాని బానెట్టు మీద చెయ్యేసి, ఇంట్లో ముసలావును పలకరించినట్టు రెండు మాటలు మాట్లాడి మరీ తిప్పేవాడు.

ఈ పాడు చెయ్యి కథ ఎర్రిస్వామి ఎవరికీ చెప్పలేదు, ఒక్క వన్నూరప్పకు తప్ప. ఒక సాయంత్రం ఇద్దరూ ప్లగ్గులు గీకి శుభ్రం చేసుకుంటూ ఉంటే తల ఎత్తకుండానే చెప్పాడు. వన్నూరప్ప కూడా తల ఎత్తకుండానే విన్నాడు. ఆఖరున, "నా ప్లగ్గు కంటే నీదే బాగా మెరుస్తాంది లేరా," అన్నాడు. ఎర్రిస్వామి ఆ మాటను చాన్నాళ్లు దాచుకున్నాడు.

అలాంటి వన్నూరప్పే అనరాని మాట అన్నాడు.

ఆ రోజు ఇద్దరూ పట్నానికి పోతున్నారు. వన్నూరప్ప తోలుతున్నాడు. దారికి అడ్డంగా పారే వంకలో బురద దాటి, తారు రోడ్డెక్కి, టీ అంగడి దగ్గర ఆపి చూస్తే పొట్టి గేరు బిగుసుకుని ఉంది. స్టీరింగు రాయిలా ఉంది. వన్నూరప్ప గుంజాడు, రాలేదు. అంగడి ముందు బెంచీల మీద ఉన్నవాళ్లు తలా ఒక సలహా పారేశారు. "ఒరే, నువ్వు పట్టు," అన్నాడు వన్నూరప్ప. ఎర్రిస్వామి కాలు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజాడు. గేరు రాలేదు గానీ గేరు మీది గుండు ఊడి చేతికొచ్చింది, ఆ ఊపుకు అతను వెల్లకిలా సీట్లో పడ్డాడు.

బెంచీల మీద అందరూ నవ్వారు. ఎర్రిస్వామి కూడా నవ్వాడు. వన్నూరప్పకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తన జీపు, తన చేతి పని, పదిమంది ముందు నవ్వులపాలు.

"నీ చెయ్యి పడితే ఏదన్నా బాగుపడతాదా? మీ ఇంట్లోవాళ్లు ఊరికే అన్లేదు లే!" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎర్రిస్వామి ఆ గుండును మెల్లగా సీటు మీద పెట్టాడు. జీపు దిగాడు. వచ్చిన దారినే నడుచుకుంటూ పోయాడు. కొండకు రాలేదు. తోవలో దొడ్డిపల్లెలో అక్క ఇంట్లో ఉండిపోయాడని రెండో రోజు గొర్రెల కాపరి వచ్చి చెప్పాడు.

తాత తిడతాడని వన్నూరప్ప ఎదురుచూశాడు. తిడితే తన సమాధానం సిద్ధంగా ఉంది. తాత తిట్టలేదు. పొద్దున్నే తానే వచ్చి, మోకాళ్లు పట్టుకుంటూ వంగి హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు. బండి తొందరగా అందుకునేది కాదు. ఆ ముసలి చేతులు తిప్పుతుంటే చూడలేక వన్నూరప్ప పరిగెత్తుకొచ్చి లాక్కునేవాడు. తాత ఇచ్చేసేవాడు. మరుసటి రోజు మళ్లీ తానే ముందు వచ్చేవాడు.

మారెక్క మాత్రం ఊరుకోలేదు. "కాలు జారితే తీసుకోవచ్చప్పా, నోరు జారితే తీసుకుంటావా?" అని పప్పు మెదుపుతూ అనేది. "ఆడలేక మద్దెల ఓడంట," అని ముద్ద కలుపుతూ అనేది. వన్నూరప్పకు కూర కంటే ముందు సామెత వడ్డన అయ్యేది.

వన్నూరప్పకు ఒక్కటే పట్టుదల. గేరు పెట్టె లోపల పళ్లు అరిగో, కడ్డీ వంగో ఉంటుంది. ఎర్రిస్వామి మోటుగా గుంజడం వల్లే వంగి ఉంటుంది. అది కళ్లారా చూసి తాతకు చూపిస్తే తన మాటలో కొంతైనా న్యాయం ఉందని తేలుతుంది. అందుకోసం అంత బరువు పెట్టెను కిందికి దించి, నాపరాయి మీద పరిచి, పన్ను పన్నూ తడిమి చూశాడు. తాత పక్కన పీట వేసుకుని కూర్చుని, అడిగిన పానా అందిస్తూ ఉన్నాడు.

పళ్లన్నీ బాగున్నాయి. కడ్డీ చక్కగా ఉంది. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు.

వన్నూరప్ప చేతులు తుడుచుకున్నాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

"తాతా, నువ్వు చెప్పు. తప్పు ఎర్రిస్వామిదా, నాదా?"

"ఆ వాషరు కింద పడింది చూడు, తొక్కేవు," అన్నాడు తాత.

ఆ రాత్రి వన్నూరప్పకు అన్నం సయించలేదు. మళ్లీ అంతా బిగించాక డబ్బాలోకి ఇంకో బోల్టు చేరింది.

అమావాస్య దగ్గరపడింది. అమావాస్యకు కొండ మీద అన్నం పెట్టడం ఆనవాయితీ. బియ్యం, పప్పు బ్యాళ్లు పట్నం నుంచి తేవాలి. ముందురోజు గట్టి వాన పడింది. పొద్దున వన్నూరప్ప జీపు తీస్తుంటే తాత వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన కొండ దిగి ఏడాది దాటింది.

"యాడికి తాతా?"

"నువ్వు పోయే కాడికే."

దారి మొత్తం బంక. వంక దగ్గరికి రాగానే వన్నూరప్ప పొట్టి గేరు ముందుకు తోశాడు. సులువుగా పడింది. నాలుగు చక్రాలూ మట్టిని కొరుక్కుంటూ, జారుతూ, మూలుగుతూ, ఒడ్డు ఎక్కాయి. అలాంటప్పుడు ఆ ముసలి జీపును చూస్తే ఎవరికైనా దండం పెట్టబుద్ధవుతుంది. వన్నూరప్ప నిజంగానే స్టీరింగును కళ్లకద్దుకున్నాడు.

తారు రోడ్డెక్కారు. పొట్టి గేరు అలాగే ముందుకే ఉంది. వన్నూరప్ప దాన్ని ఎప్పుడూ అక్కడ వెనక్కి తీసేవాడు కాదు. ఇంత బురదలో కాపాడినదాన్ని ఒడ్డెక్కగానే వదిలేయడం అతనికి కృతఘ్నత అనిపించేది. పైగా మళ్లీ ఎక్కడ బురద తగులుతుందో ఎవరికి తెలుసు, పట్నం దాకా పట్టుకునే ఉంటే మంచిదని అతని లెక్క. తాత సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

దొడ్డిపల్లెకు చీలే దారి వచ్చింది. వన్నూరప్ప అటు చూడకుండా ఉండాలని ఎంత గట్టిగా అనుకున్నాడంటే, మెడ తిప్పకుండా కంటి కొసతో మొత్తం చూసేశాడు. ఊరి వేపచెట్లు, నీళ్ల ట్యాంకు, పొలం గట్ల మీద మనుషులు. అందులో ఎర్రిస్వామి ఉన్నాడో లేడో. జీపు ఆపలేదు.

ఆ తర్వాత అన్నీ మలుపులు. రెండు మలుపులు తిరిగేసరికి స్టీరింగు బరువెక్కింది. టైర్లు తారు మీద కీచుమన్నాయి. కింద నుంచి పళ్లు నూరుతున్నట్టు శబ్దం. మూడో మలుపు తిరిగాక రోడ్డు పక్కకు ఆపాడు. పొట్టి గేరు పట్టుకుని లాగాడు. రాలేదు.

రెండు చేతులతో లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. దిగి, వెనక నుంచి ఇనప గొట్టం తెచ్చి గేరు కడ్డీకి తొడిగాడు, పట్టు దొరుకుతుందని. ముఖం కందగడ్డ అయిపోయింది. ఇంకొక్క గుంజు గుంజితే ఏదో ఒకటి విరగడం ఖాయం. అది అతనికీ తెలుసు. తెలిసినా గొట్టం మీద నుంచి చెయ్యి తీయలేకపోతున్నాడు. నెలరోజుల ఉక్రోషం ఆ చేతిలో ఉంది.

తాత కళ్లు తెరిచాడు.

"గొట్టం తీసెయ్యి. ఇటు రా," అన్నాడు.

వన్నూరప్ప దిగి ఇటు వచ్చాడు. తాత పంచె ఎగ్గట్టుకుని, సీటు మీద నుంచే అటు జరిగి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ జీపును ఆయనే తోలేవాడు. మోకాళ్లు మొరాయించాక తాళాలు శిష్యులకిచ్చాడు. కళ్లు కూడా ఇప్పుడు సరిగ్గా ఆనవు.

తాత పొట్టి గేరును ముట్టుకోలేదు. పెద్ద గేరును వెనక్కి పోయేదానిలో వేశాడు. తల వెనక్కి తిప్పి, వచ్చిన మలుపు వెంటే, మెల్లగా, మెల్లగా జీపును వెనక్కి నడిపాడు. బండి కాస్త ఇటూ కాస్త అటూ ఊగుతూ పోయింది. వన్నూరప్ప పక్కన చేతులు చాపుకుని పరిగెత్తాడు, పడితే పట్టుకుంటాడేమో పాపం, జీపును.

కాస్త దూరం పోగానే బండి కింద ఎక్కడో టక్కుమంది. బిగబట్టిన ఊపిరి వదిలినట్టు జీపు ఒళ్లంతా ఒక్కసారి కుదుటపడింది.

తాత ఆపాడు. రెండు వేళ్లతో పొట్టి గేరును వెనక్కి తీశాడు. వచ్చేసింది.

వన్నూరప్ప నోరు తెరుచుకుని చూశాడు. లోపలికి వంగి తానొకసారి ముందుకు తోశాడు, వెనక్కి తీశాడు. వెన్న.

"లోపల ఏం ఇరిగింది తాతా?"

"ఏమీ ఇరగల్లే."

"మరి?"

"మెలిపడింది. ఎనక్కి వస్తే ఇడిపోయింది."

వన్నూరప్ప అక్కడే రోడ్డు మీద గొంతుక్కూర్చుని చక్రాల వంక చూశాడు. మెల్లగా అర్థం కావడం మొదలైంది. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. గట్టి తారు మీద జారడానికి చోటేదీ? ఒకదాన్నొకటి గుంజుకుంటూ, ప్రతి మలుపుకూ ఇంకాస్త మెలేసుకుంటూ, ఆ బిగువంతా పోయి గేరు మీద పడుతుంది. ఇంటికి పోయేటప్పుడు మళ్లీ వంకలో బురద తగలగానే విడిపోతుంది. షెడ్డులో చూస్తే జబ్బే ఉండదు. లేని జబ్బుకు అతను ఇన్నిసార్లు కడుపు కోశాడు.

"అయితే తారెక్కగానే దీన్ని తీసెయ్యాల. తియ్యకుండా ఎవరు..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"నన్నడిగితే నాకేం తెలుసు? నేను నిద్రపోతాంటి," అన్నాడు తాత.

వన్నూరప్ప లేవలేదు. టీ అంగడి గుర్తొచ్చింది. ఆ రోజు తోలింది తను. తియ్యకుండా పట్టుకున్నది తను. బిగించింది తను. పట్టమని పిలిచింది కూడా తనే. ఎర్రిస్వామి చేసిందల్లా పిలిస్తే వచ్చి గుంజడం. దానికి, తల వంచుకుని తన ఒక్కడికే చెప్పుకున్న కథను తీసి పదిమంది ముందు అతని ముఖాన కొట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరిగితే గ్రీజు చేతులతోనే తుడుచుకున్నాడు, బుగ్గ మీద నల్లటి చార పడింది.

తాత మెల్లగా పక్క సీట్లోకి జరిగాడు.

"పద నాయనా. బియ్యం అంగడి మూసేస్తారు."

వన్నూరప్ప ఎక్కి కూర్చున్నాడు. కాసేపు అలాగే ముందు రోడ్డు వంక చూశాడు. తర్వాత బండిని వెనక్కి పోయే గేరులో వేసి, తల వెనక్కి తిప్పాడు.

మూడు మలుపులూ వెనక్కే పోయాడు. తిప్పుకుని ముందుకు పోవచ్చు కదా అంటే, ఆ రోడ్డుకు రెండు పక్కలా మెత్తటి రేగడి, దిగితే చక్రం కూరుకుపోతుంది. చీలిక దగ్గర అయినా తిప్పుకోవచ్చు. ఆ మాట అతనికి తట్టలేదు. మనసు దొడ్డిపల్లెలో ఉంటే బండి ముక్కు ఎటు ఉందో ఎవడు చూసుకుంటాడు? అలాగే తోక ముందు పెట్టి ఊరి దారిలోకి మళ్లాడు. బర్రెలు తోలుకొస్తున్న ఆడవాళ్లు పక్కకు తప్పుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. తాత మాత్రం హాయిగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"ఈ దోవ ఇట్లా దూరం పోతాంటే చూడటం ఇదే మొదలు. బాగుండాది," అన్నాడు.

ఎర్రిస్వామి అక్క ఇల్లు ఊరి మొదట్లోనే. వాకిట్లో శెనక్కాయ చెట్ల కుప్ప, నలుగురైదుగురు కూర్చుని కాయలు తెంపుతున్నారు. ఎర్రిస్వామి కొంచెం ఎడంగా, దొడ్డి తడికకు కట్లు కడుతున్నాడు. వెనక్కి వెనక్కి వచ్చి వాకిట్లో ఆగిన జీపును చూసి అందరి చేతులూ ఆగాయి.

వన్నూరప్ప దిగాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. దిగేసరికి ఒక్కటీ లేదు.

"ఎర్రిస్వామీ," అన్నాడు.

ఎర్రిస్వామి తడిక వదలకుండా తల తిప్పాడు. "ఏంటికన్నా వచ్చినావు?"

కాయలు తెంపేవాళ్లు ఉన్నారు. వాళ్లు పోయాక చెబుదామా అనిపించింది వన్నూరప్పకు. టీ అంగడి ముందు ఆ మాట అన్నప్పుడు మాత్రం మనుషులు పోయేదాకా ఆగాడా? గొంతు సవరించుకుని, అందరికీ వినబడేటట్టే చెప్పాడు.

"గేరు చెడింది నీ చెయ్యి వల్ల కాదు. నా వల్ల. తారెక్కినా తియ్యకుండా నేనే బిగించినా. నీ చేతిలో ఏ పాడూ లేదు. నా నోట్లో ఉండాది."

ఎర్రిస్వామి అక్క కాయల బుట్ట కింద పెట్టి తమ్ముడి వంక చూసింది. అతను తాడు ముడి మీదే చూపు పెట్టి ఇంకో కట్టు బిగించాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అదే వన్నూరప్పకు ఎక్కువ బాధ అయింది.

"ఎంత దూరమొచ్చి చెప్పినావు. సంతోషమన్నా. కానీ నేను రాను."

"ఎందుకురా?"

"రేపు ఇంగొకటి చెడతాది. ముసలి బండి, చెడకుండా ఉండదు. చెడినప్పుడు మల్లా నా చెయ్యే గుర్తుకొస్తాది నీకు. అనవు. అయినా గుర్తుకొస్తాది. అది నీ మొగంలో చూసేదానికి నా వల్ల కాదు."

వన్నూరప్ప తాత వైపు చూశాడు. తాత అప్పటికే దిగి, ఎవరో ఇచ్చిన పచ్చి శెనక్కాయలు ఒలుచుకుని తింటున్నాడు. ఆయన ధ్యాస మొత్తం కాయల మీదే ఉన్నట్టుంది.

గుర్తుకు రాదని ఒట్టు వేద్దామనుకున్నాడు వన్నూరప్ప. కానీ తన సంగతి తనకు తెలుసు. ఆ మనిషి ముందు ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"వస్తాది," అన్నాడు. "నిజమే. గుర్తుకొస్తాది. వచ్చినప్పుడు మల్లా ఇట్లే ఎనక్కొస్తా."

ఎర్రిస్వామి తలెత్తి మొదటిసారి అతన్ని సరిగ్గా చూశాడు. తర్వాత అతని వెనక నిలబడి ఉన్న జీపును చూశాడు. దాని వెనక భాగం ఇంటి వైపు, ముక్కు రోడ్డు వైపు. మళ్లీ వన్నూరప్పను చూశాడు. వన్నూరప్ప తల ఒక పక్కకు వాలి ఉంది, మాట్లాడుతున్నంతసేపూ అలాగే ఉంది.

"మెడకేమైందన్నా?"

"రోడ్డు కాడి నుంచి ఎనక్కి చూసి చూసి పట్టేసింది. తిరగడం లేదు."

ఎర్రిస్వామి అక్క కిసుక్కున నవ్వింది. ఎర్రిస్వామి నవ్వలేదు. తాడు కింద పడేసి లేచాడు. చేతులు రెండూ పంచెకు తుడుచుకుంటూ వచ్చి వన్నూరప్ప వెనక నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి, మెడ దాకా తెచ్చి, అక్కడ గాలిలోనే ఆపాడు.

వన్నూరప్ప తల వంచి మెడ చూపించాడు.

ఆ చెయ్యి దిగింది. గట్టిపడ్డ నరాన్ని బొటనవేలు వెతికి పట్టుకుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. వాకిట్లో కాయలు తెంపే చప్పుడు మళ్లీ మొదలైంది. వన్నూరప్ప కళ్లు మూసుకున్నాడు.

"ఇంగొంచెం కింద," అన్నాడు.